నీతి చెప్పని నీతికథకుడు – కొడవటిగంటి కుటుంబరావు గారు

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయమని కార్యదర్శి గారు ఆదేశించారు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ సభ్యులలో చిన్నప్పుడు ‘చందమామ’ చదవనివారు అరుదు గనుక కుటుంబరావు గారిని ఎంచుకున్నాను.

ఆయన 1909లో తెనాలిలో జన్మించారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. కాశీలో ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతూ ఆర్థికమాంద్యం రోజుల్లో మధ్యలోనే మానుకోవలసి వచ్చింది. సిమ్లా, బొంబాయి వంటి చోట్ల చిన్నాచితకా ఉద్యోగాలు చేశారు. 1952లో మద్రాసులో ‘చందమామ’లో చేరి, 1980లో కన్నుమూసేవరకు 28 ఏళ్లు అక్కడే గడిపారు.

మన బళ్లలో నీతికథలంటే 1853 నాటి చిన్నయసూరి ‘నీతిచంద్రిక’. భాష గొప్పదే, కాని తాత్పర్యం చెప్పడానికి పక్కన పంతులుగారు ఉండాలి. కుటుంబరావు గారు పంచతంత్రం, జాతకకథలు, కథాసరిత్సాగరం చదివింది నీతులు ఏరడానికి కాదు, కథ ఎలా నడిచిందో పట్టుకోవడానికని నా అభిప్రాయం. వాటిని చిన్న వాక్యాల్లో, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో పెట్టారు. బయటివారు పంపిన కథలనూ తిరగరాసేవారు. బేతాళకథే చూడండి. బేతాళుడు ప్రశ్న వేశాక విక్రమార్కుడు నోరు విప్పేలోగా చదివే పిల్లవాడు తన తీర్పు తాను చెప్పుకుంటాడు. అసలు పాతిక కథలూ అయిపోయినా, వేరే కథలను అదే చట్రంలో బిగించి ఏళ్ల తరబడి నడిపారు.

ఆయన మార్క్సిస్టు, హేతువాది. 1970లో ఏర్పడిన విరసంలో సభ్యులు. అటువంటి మనిషి రాజులు, దయ్యాల కథలు వేయడమేమిటని ఆక్షేపించినవారున్నారు. పిల్లల ఊహ పెరగడానికి అవి కావాలని ఆయన వాదన. మా ఇంట్లో బ్రహ్మరాక్షసుణ్ణి చూసి నవ్వినవారేగాని జడిసినవారు లేరు. అయితే సాహసవంతుడికి అర్ధరాజ్యంతోపాటు రాకుమార్తెనూ ఇచ్చేస్తే, ఆ పిల్లను ఎవరైనా అడిగారా అన్నది మా మనవరాలి ప్రశ్న. పెద్దల నవలల్లో ఆడవాళ్ల బతుకుల గురించి అంత నిక్కచ్చిగా రాసిన ఆయన ఇక్కడ పాత కథను అలాగే వదిలేశారు. అది నాకు వెలితే.

ఇంత చేసినా పత్రిక మీద సంపాదకుడిగా ఉన్నది ఆయన పేరు కాదు, చక్రపాణి గారిది. నోటు రాసేది గుమాస్తా, సంతకం ఆఫీసరుగారిది అన్న సంగతి మన సభ్యులకు వేరే చెప్పాలా!

2010 తర్వాత కొద్ది ఏళ్లకే ‘చందమామ’ అచ్చు ఆగిపోయింది. అటకల మీద పాత బైండు సంపుటాలున్నవారు ఎల్.బి.నగర్ సమావేశానికి తెస్తే, మనవలకోసం ఇచ్చిపుచ్చుకుందాం.