అన్యూరిన్ బెవాన్: పరదేశికి కూడా ఆసుపత్రి తలుపు తెరిచిన గని కార్మికుడు



మన చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి సంఘములలో పిల్లలను ఇంగ్లండు పంపిన తల్లిదండ్రులు ఇప్పుడు అక్కడక్కడ కనిపిస్తున్నారు. నర్సు పనికి వెళ్ళిన అమ్మాయిలున్నారు, కంప్యూటరు ఉద్యోగములకు వెళ్ళినవారున్నారు, పై చదువులకు వెళ్ళినవారున్నారు. ఆ దేశములో జబ్బు చేస్తే ప్రభుత్వమే ఉచితముగా వైద్యము చేయిస్తుందని మనము వింటూ ఉంటాము. ఆ ఏర్పాటు ఎవరు చేశారు? అందులో పరదేశికి పాలు ఉన్నదా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఒక్క మనిషి జీవితములో దొరుకుతుంది. ఆయన పేరు అన్యూరిన్ బెవాన్. దగ్గరివారు నై అని పిలిచేవారు.

బాల్యము

బెవాన్ 1897వ సంవత్సరము నవంబరు 15న వేల్స్ దేశములోని ట్రెడీగర్ అనే బొగ్గు గనుల ఊరిలో జన్మించారు. తండ్రి డేవిడ్ గని కార్మికుడు, బాప్టిస్టు. తల్లి ఫీబీ మెథడిస్టు. వారికి పదిమంది సంతానము. అందులో కొందరు పసితనములోనే పోయారు. ఆ రోజుల్లో గని ఊళ్ళలో ఇది ప్రతి ఇంటా ఉన్న దుఃఖమే.

బాలుడైన బెవాన్‌కు నత్తి ఉండేది. బడిలో మాస్టరు దగ్గర మంచి పేరేమీ రాలేదు. పదమూడేళ్ళకే చదువు మాని గనిలో దిగారు. అయితే ఆ ఊరి కార్మికులు తమ కూలిలోంచి చందాలు వేసుకుని ఒక గ్రంథాలయము నడిపేవారు. పగలు బొగ్గు తవ్వి, రాత్రి అక్కడ పుస్తకములు చదివి, ఆయన తన చదువు తానే చదువుకున్నారు. నత్తి పోవడానికి పెద్దగా మాట్లాడడము అభ్యాసము చేశారు. పట్టిపట్టి వచ్చిన ఆ నోరే తరువాత పార్లమెంటులో చర్చిల్ వంటి వక్తకు ఎదురు నిలిచింది. 1919లో గని కార్మికుల సంఘమువారు ఆయనను లండనులోని కార్మిక కళాశాలకు పంపారు. 1921లో తిరిగి వచ్చేసరికి ఊళ్ళో పని దొరకలేదు. చాలాకాలము నిరుద్యోగిగానే ఉన్నారు.

తండ్రి జీవితమంతా పీల్చిన బొగ్గు దుమ్ము ఆయన ఊపిరితిత్తులను తినివేసింది. 1925లో ఆయన కుమారుని చేతులలోనే ప్రాణము విడిచారు. అది పనివలన వచ్చిన జబ్బుగా అప్పటి చట్టము గుర్తించలేదు గనుక ఆ కుటుంబమునకు పరిహారముగా ఒక్క పెన్నీ రాలేదు. బెవాన్ దీనిని ఎన్నడూ మరచిపోలేదు.

పెద్దవాడైన తరువాత ఆయన ఆరాధనకు వెళ్ళడము మానివేశారు. కనుక ఆయనను మన విశ్వాసపు లెక్కలో చేర్చుకోవడము సత్యము కాదు. కాని ఊరివారు కలిసి కూర్చుని, చందా వేసుకుని, ఒకరి భారము ఒకరు మోసే పద్ధతి ఆయన పుట్టి పెరిగిన చోటునుండే వచ్చింది.

ఊరంతా కలిసి పెట్టుకున్న వైద్యము

ట్రెడీగర్‌లో 1890లో ఒక వైద్య సహాయ సంఘము ఏర్పడింది. గనిలోను, ఇనుప కర్మాగారములోను పనిచేసేవారు తమ వారపు కూలిలో కొన్ని పెన్నీలు అందులో వేసేవారు. ఆ సొమ్ముతో సంఘము డాక్టర్లను, నర్సులను, పళ్ళ డాక్టరును జీతమిచ్చి పెట్టుకున్నది. కార్మికునికి, అతని భార్యకు, పిల్లలకు జబ్బు చేస్తే డబ్బు అడగకుండా చూసేవారు. కాలక్రమములో ఊరి జనములో అత్యధికులు అందులో చేరారు. ఏ. జె. క్రోనిన్ అనే డాక్టరు 1920లలో ఈ సంఘము కింద పనిచేసి, ఆ అనుభవముతో తరువాత ప్రసిద్ధమైన నవల వ్రాశారు.

బెవాన్ ఈ ఊరి ఆసుపత్రి కమిటీలో పనిచేశారు. లెక్కలు చూశారు, డాక్టర్లతో బేరములాడారు, రోగుల ఫిర్యాదులు విన్నారు. ఆరోగ్యశాఖ మంత్రి కాకముందు ఆ శాఖ పని ఆయన నేర్చుకున్నది ఇక్కడే. 1929లో ఎబ్బూ వేల్ నియోజకవర్గము నుండి పార్లమెంటుకు ఎన్నికై, మరణించేవరకు ఆ స్థానములోనే ఉన్నారు. 1934లో జెన్నీ లీ అనే తోటి నాయకురాలిని వివాహము చేసుకున్నారు. పండిట్ నెహ్రూ గారితో వీరికి స్నేహము ఉండేది.

మంత్రిగా చేసిన పని

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన 1945లో లేబర్ పార్టీ గెలిచింది. ప్రధాని అట్లీ బెవాన్‌ను ఆరోగ్యశాఖ మంత్రిగా నియమించారు. అప్పటి బ్రిటనులో 1911 నాటి బీమా చట్టము ఉన్నా, అది పనిచేసే మనిషికి మాత్రమే డాక్టరును చూపించేది. అతని భార్యకు, పిల్లలకు వర్తించదు. తల్లులు డబ్బుకు భయపడి తమ జబ్బు దాచుకునేవారు. ఆసుపత్రులలో కొన్ని ధర్మసంస్థలవి, కొన్ని పురపాలక సంఘములవి. వాటిలో అనేకము అప్పులలో ఉన్నాయి.

బెవాన్ 1946లో జాతీయ ఆరోగ్య సేవ చట్టము తెచ్చారు. ఇంగ్లండు, వేల్స్‌లలోని 2,600కు పైగా ఆసుపత్రులను ప్రభుత్వము కిందికి తెచ్చారు. డాక్టర్ల సంఘము గట్టిగా ఎదిరించింది. 1948 ఫిబ్రవరిలో వారు ఓటు తీసుకుంటే, సుమారు పదిమందిలో తొమ్మిదిమంది వ్యతిరేకించారు. బెవాన్ కొన్ని చోట్ల తగ్గారు. పెద్ద డాక్టర్లు సొంత రోగులను కూడా చూసుకోవచ్చునన్నారు. కుటుంబ డాక్టర్లను జీతపు ఉద్యోగులుగా చేయబోమన్నారు. అయితే రోగి వైద్యము పొందేచోట డబ్బు ఇవ్వనక్కరలేదన్న మూలసూత్రమును మాత్రము వదలలేదు. 1948 జూలై 5న ఆ సేవ మొదలయింది. కొన్ని వారములలోనే కళ్ళజోళ్ళకు, కట్టుడు పళ్ళకు జనము బారులు తీరారు. అంతకాలము ఎంతమంది సరిగా కనబడక, నమలలేక బ్రతికారో దానివలన లోకమునకు తెలిసింది.

పరదేశి సంగతి

ఇప్పుడు మనకు ముఖ్యమైన సంగతికి వద్దాము. ఆ చట్టములో జాతీయత గురించిన షరతు లేదు. ఆ దేశములో ఉన్నవాడు ఎవడైనా రోగి అయితే చాలు. దీనిమీద వెంటనే గొడవ లేచింది. పరదేశులు ఓడ దిగి ఉచితముగా కళ్ళజోళ్ళు, పళ్ళు కట్టించుకుని పోతున్నారని పత్రికలు వ్రాశాయి. పార్లమెంటులో సభ్యులు నిలదీశారు. ఒత్తిడికి 1949లో చట్టమును సవరించి, ఆ దేశ నివాసులు కానివారి దగ్గర సొమ్ము వసూలు చేసే అధికారము ప్రభుత్వము తీసుకున్నది. బెవాన్ మంత్రిగా ఉండగానే ఇది జరిగింది. కాని ఆ అధికారమును ఆయన వాడలేదు.

తన కారణములను 1952లో ప్రచురించిన పుస్తకములో వివరించారు. మొదటిది, పరదేశిని పట్టుకోవాలంటే ప్రతి రోగిని ఆపి, నీవు ఎవరని అడగాలి. అప్పుడు ఆ దేశస్థులే ఆసుపత్రికి గుర్తింపు కాగితములు పట్టుకుపోవలసి వస్తుంది. గొర్రెలను మేకలను వేరుచేయాలంటే రెండింటినీ లెక్కపెట్టాలి కదా అన్న సువార్త పోలికనే ఆయన అక్కడ వాడారు. రెండవది, పరదేశి కూడా అక్కడ కొనే వస్తువులమీద పన్ను కడుతున్నాడు గనుక పూర్తిగా ఉచితముగా పొందడము లేదు. మూడవది, ఇందుకు అయ్యే ఖర్చు మొత్తము ఖర్చులో అతి స్వల్పము. ఆయన చెప్పిన పోలిక ఉన్న మత్తయి 25వ అధ్యాయమును తెరిస్తే, అక్కడ పరదేశియు రోగియు పక్కపక్కనే కనిపిస్తారు.

1951 ఏప్రిలులో, యుద్ధ సామగ్రి ఖర్చుకోసము కళ్ళజోళ్ళకు, పళ్ళకు సొమ్ము వసూలు చేయాలని సొంత ప్రభుత్వమే నిర్ణయిస్తే, బెవాన్ మంత్రి పదవికి రాజీనామా చేశారు. మరల మంత్రి కాలేదు. 1960 జూలై 6న కడుపు క్యాన్సరుతో మరణించారు. వయస్సు 62 ఏండ్లు. ఆ ముందటి రోజుకు ఆయన పెట్టిన సేవకు పన్నెండేళ్ళు నిండాయి.

ఆయన తరువాత

తరువాతి దశాబ్దములలో ఆ ఆసుపత్రులు నడవడానికి మన దేశపు డాక్టర్లు, నర్సులు వేలాదిగా వెళ్ళారు. విశాఖపట్నం, గుంటూరు వైద్య కళాశాలలలో చదివిన తెలుగువారు కూడా అందులో ఉన్నారు. అటువైపు 1949 నాటి అధికారమును 1982లో మొదటిసారి అమలులో పెట్టారు. అప్పటినుండి ఆసుపత్రిలో పరదేశ సందర్శకుల దగ్గర వసూలు మొదలయింది.

2015 నుండి ఆరు నెలలకు మించి ఉండే వీసాకు ముందుగానే ఆరోగ్య రుసుము కట్టాలి. మొదట అది ఏడాదికి 200 పౌండ్లు. 2024 ఫిబ్రవరి నుండి పెద్దలకు 1,035, విద్యార్థులకు, 18 ఏండ్ల లోపువారికి 776 పౌండ్లు అయింది. వీసా ఎన్ని సంవత్సరములో అంత సొమ్ము ఒకేసారి కట్టాలి. మూడేళ్ళ ఉద్యోగమునకు పెద్దవారు ఒక్కొక్కరికి 3,105 పౌండ్లు. ఆరోగ్య రంగపు వీసామీద వెళ్ళే నర్సులకు 2020 నుండి ఇది మినహాయించారు. రుసుము కట్టినవారికి అక్కడివారితో సమానముగా వైద్యము దొరుకుతుంది.

కష్టమంతా చూడబోయే తల్లిదండ్రులకు. కూతురి కాన్పుకో కోడలి సాయానికో ఆరు నెలల లోపు వీసామీద వెళ్ళేవారు ఈ రుసుము కట్టరు, కట్టినా తీసుకోరు. వారికి ఇంగ్లండులో కుటుంబ డాక్టరు చూడడము, ఎమర్జెన్సీ విభాగములో చికిత్స ఉచితము. క్షయ వంటి అంటువ్యాధుల చికిత్స కూడా ఉచితమే. అయితే అక్కడినుండి వార్డులో చేర్చుకుంటే ఆసుపత్రి ఖర్చుకు ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. అత్యవసరము కాని చికిత్సకు ముందే కట్టమంటారు. బిల్లు 500 పౌండ్లు దాటి బాకీ పడితే మరలా వీసా దొరకడము కష్టము కావచ్చును.

మన సంఘములకు ఒక మాట

అందుచేత విమానము ఎక్కబోయే పెద్దలు మందుల చీటీలు, పాత జబ్బుల కాగితములు వెంట ఉంచుకోవాలి. బి.పి., షుగరు, గుండె జబ్బు ఉన్న సంగతి దాచకుండా చెప్పి ప్రయాణపు బీమా తీసుకోవాలి. దాచి తీసుకున్న బీమా ఆపదలో పనికిరాకపోవచ్చును. పిల్లలు కూడా చవక పాలసీ కొని చేతులు దులుపుకోకుండా, అందులో ఏ జబ్బుకు ఇస్తారో ఏ జబ్బుకు ఇవ్వరో చదివి అమ్మానాన్నలకు తెలుగులో చెప్పాలి.

మన దగ్గర కూడా పరదేశులు లేకపోలేదు. బాగేపల్లి దాటితే ఆంధ్ర సరిహద్దు. అటునుండి కూలికి వచ్చిన కుటుంబములు మన వీధులలోనే ఉన్నాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో రోగిని చూస్తారు గాని, పెద్ద ఆపరేషను పథకములకు వచ్చేసరికి ఏ రాష్ట్రపు రేషన్ కార్డు, ఏ అడ్రసు అన్న ప్రశ్న వస్తుంది. కన్నడములో ఉన్న చీటీ చదవలేక ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలియక తిరిగేవారు ఎందరో. ప్రతి సంఘములో కన్నడము చదవగల ఇద్దరు యువకులు వంతులు వేసుకుని, వారమునకు ఒక పూట తాలూకా ఆసుపత్రికి వెళ్ళి అటువంటివారికి తోడుగా నిలబడితే చాలును. దీనికి చందా కూడా అక్కరలేదు. రాబోయే సంఘ కమిటీ కూటములలో ఈ విషయము ఆలోచించవలసినదిగా పెద్దలను కోరుచున్నాను.