పదేళ్లు తగ్గించుకుని బడికి వెళ్లిన జోరా

జోరా నీల్ హర్‌స్టన్ 1891 జనవరిలో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో నోటసల్గా అనే చిన్న ఊళ్లో పుట్టింది. ఎనిమిది మంది సంతానంలో ఐదవది. పసితనంలోనే ఆ కుటుంబం ఫ్లోరిడా రాష్ట్రంలోని ఈటన్‌విల్ కు తరలిపోయింది. 1887లో ఏర్పడిన ఆ ఊరికి ఒక ప్రత్యేకత ఉంది. అక్కడ ఉండేవారూ, ఊరిని పాలించుకునేవారూ అంతా నల్లజాతివారే. జోరా తండ్రి వడ్రంగి, చర్చిలో బోధకుడు కూడా. కొంతకాలం ఆ ఊరికి మేయరుగా పనిచేశాడు. ఊరి కొట్టు అరుగు మీద పెద్దవాళ్లు కూర్చుని కథలు, గొప్పలు చెప్పుకునేవారు. మన రచ్చబండ లాంటిదే అనుకోండి. పనిమీద పంపిన పిల్ల అక్కడే నిలబడి చెవులు రిక్కించి వినేది. ఆమె సాహిత్యమంతా ఆ అరుగు మీదనుంచి వచ్చిందే.

1904లో తల్లి చనిపోయింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. జాక్సన్‌విల్ లో చదువుతున్న జోరాకు ఫీజు పంపేవారు లేక చదువు ఆగిపోయింది. ఆ తర్వాత పదేళ్లకు పైగా బంధువుల ఇళ్లలో తలదాచుకుంటూ, ఇళ్లలో పనిమనిషిగా చేస్తూ గడిపింది. ఒక నాటక బృందంలోని గాయని దగ్గర పనికి కుదిరి ఊరూరా తిరిగింది.

1917లో బాల్టిమోర్ చేరేసరికి ఆమెకు 26 ఏళ్లు. అక్కడ ఉచితంగా చదువుకోవాలంటే 20 ఏళ్లు దాటకూడదు. జోరా తాను 1901లో పుట్టానని చెప్పి, 16 ఏళ్ల పిల్లగా బడిలో చేరింది. మనలో ఎంతమందికి టి.సి.లో జూన్ నెల పుట్టినరోజు ఉందో ఒకసారి లెక్క వేసుకుంటే, ఈ సంగతి విని ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోరు. మన తేదీలు మాస్టారు వేసినవి. ఆమె తేదీ ఆమే వేసుకుంది. మరుసటి ఏడాదే హైస్కూలు చదువు పూర్తి చేసింది.

తర్వాత వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయం. అక్కడ ఖర్చుల కోసం తెల్లవారు వచ్చే క్షౌరశాలలో గోళ్లు తీర్చిదిద్దే పని చేసింది. విద్యార్థుల పత్రికను ప్రారంభించినవారిలో ఆమె ఒకరు. 1925లో న్యూయార్క్ వెళ్లింది. ఒక పత్రిక పెట్టిన కథల పోటీలో బహుమతి, దాని వెంట బర్నార్డ్ కళాశాలలో సీటు, స్కాలర్‌షిప్పు వచ్చాయి. ఆ కళాశాల మొత్తానికి నల్లజాతి విద్యార్థిని ఆమె ఒక్కతే. ఫ్రాంజ్ బోయాస్ అనే గొప్ప ఆచార్యుని దగ్గర మానవశాస్త్రం నేర్చుకుంది. 1928లో బి.ఎ. పట్టా చేతికి వచ్చేనాటికి వయసు 37. తోటి విద్యార్థినులకు ఆ సంగతి తెలియదు.

చదువు ఆమెను మళ్లీ తన ఊరివైపే పంపింది. దక్షిణాది పల్లెల్లో, కలప కోసే శిబిరాల్లో తిరిగి జానపద కథలు, పాటలు సేకరించింది. ఒక ధనవంతురాలు నెలకు 200 డాలర్లు ఇచ్చేది. అయితే సేకరించినదంతా తనకే చెందాలని ఒప్పందం రాయించుకుంది. ఆఫ్రికా నుంచి బానిసగా ఓడలో వచ్చి ఇంకా బతికి ఉన్న కుడ్జో లూయిస్ అనే వృద్ధుని దగ్గర కూర్చుని జోరా అతని జీవితాన్ని రాసింది. అతని యాసను మార్చి రాయమని ప్రచురణకర్తలు అడిగారు. ఆమె ఒప్పుకోలేదు. ఆ పుస్తకం 2018లో గాని అచ్చు కాలేదు.

ఆమె నవలల్లో గొప్పది 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్'. హైతీలో ఏడు వారాల్లో రాసింది. 1937లో వచ్చింది. మూడు పెళ్లిళ్ల మీదుగా తన మాట తాను మాట్లాడటం నేర్చుకున్న జేనీ అనే స్త్రీ కథ అది. పాత్రలన్నీ ఊరి యాసలోనే మాట్లాడతాయి. సాటి నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్, ఇది తెల్లవాళ్లకు వినోదం పంచే పుస్తకమని విమర్శించాడు. మన యాసలో మనం రాసుకుంటే చిన్నతనం అనుకునేవాళ్లు అన్నిచోట్లా ఉంటారు.

1942లో 'డస్ట్ ట్రాక్స్ ఆన్ ఎ రోడ్' పేరుతో స్వీయచరిత్ర రాసింది. బహుమతి కూడా వచ్చింది. కాని అమెరికా ప్రభుత్వాన్ని విమర్శించిన భాగాలను ప్రచురణకర్తలు తీసేశారు. మిగిలినదాంట్లో వయసు విషయం ఆమే దాచింది. స్వీయచరిత్రలో కూడా ఆ పదేళ్లు ఎటు పోయాయో చెప్పలేదు. బడిలో చేరడానికి ఆడిన అబద్ధాన్ని జీవితాంతం మోయవలసి వచ్చింది.

ఆమె అన్ని అభిప్రాయాలతో ఏకీభవించలేం. నల్లవారికి, తెల్లవారికి వేరువేరు బడులు చెల్లవని 1954లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇస్తే, మరుసటి ఏడాది దాన్ని వ్యతిరేకిస్తూ పత్రికకు లేఖ రాసింది. తెల్లపిల్లల పక్కన కూర్చుంటేనే మన పిల్లలకు చదువు వస్తుందనడం మన పంతుళ్లకు అవమానం అన్నది ఆమె వాదన. ఆ ఆత్మగౌరవం అర్థమవుతుంది. కాని ఈటన్‌విల్ లాంటి ఊరు ఎంతమందికి దొరుకుతుంది? ఆ తీర్పు అవసరమైనదే అని నా అభిప్రాయం.

రాతతో ఆమెకు అన్నం దొరకలేదు. ఏ పుస్తకం మీదా 943 డాలర్ల 75 సెంట్లకు మించి రాయల్టీ రాలేదు. 1950లో మయామీలో ఒక ఇంట్లో పనిమనిషిగా ఉండగా, ఆ ఇంటి యజమానురాలు ఒక పత్రికలో కథ చదివి, రాసింది తన ఇంట్లో పనిచేస్తున్న మనిషేనని తెలుసుకుంది. 1959లో పక్షవాతం వచ్చింది. ఫోర్ట్ పియర్స్ పట్టణంలో ప్రభుత్వ సంక్షేమ గృహంలో చేరింది. 1960 జనవరి 28న అక్కడే కన్నుమూసింది. తెలిసినవారు చందాలు వేసుకుని సమాధి చేశారు. దాని మీద రాయి పెట్టించడానికి డబ్బు చాలలేదు.

ఆమె కాగితాలన్నీ పెరట్లో వేసి తగలబెడుతుంటే, ఆమెను ఎరిగిన ఒక పోలీసు ఉద్యోగి అటుగా వెళ్తూ పొగ చూసి ఆగి, నీళ్లు కొట్టి ఆర్పాడు. అంచులు కాలిన ఆ రాతప్రతులు ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి.

1973లో ఆలిస్ వాకర్ అనే యువ రచయిత్రి ఆ సమాధిని వెతుక్కుంటూ వచ్చింది. ఆమె కౌలురైతుల బిడ్డ. ఊళ్లో వివరాలు చెప్పించుకోవడానికి తాను జోరా మేనకోడలినని అబద్ధం చెప్పింది. నడుము లోతు గడ్డిలో నడిచి, ఒక పల్లం చూసి అదే సమాధి అని నిర్ణయించుకుని, తన డబ్బుతో రాయి నిలబెట్టింది. 1975లో ఆ అన్వేషణ గురించి ఒక పత్రికలో రాసింది. 1978లో జోరా నవల మళ్లీ అచ్చయింది. అప్పటినుంచి అమెరికా కళాశాలల్లో పాఠంగా చదువుతున్నారు.

అసలు పుట్టిన సంవత్సరం పాత జనాభా లెక్కల కాగితాల్లో తర్వాత బయటపడింది. ఆలిస్ వాకర్ పెట్టించిన రాయి మీద మాత్రం జోరా చెప్పుకున్న 1901 సంవత్సరమే చెక్కి ఉంది.