సెలవు పెట్టి కాశీకి వెళ్ళిన ఉద్యోగి – ఏనుగుల వీరాస్వామయ్య గారు

యాత్రల ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ యాత్రికుని జీవితం గురించి రాయవలసిందిగా మన సంఘం కార్యదర్శి గారు కోరినప్పుడు నాకు సముద్రాలు దాటిన నావికులెవరూ తోచలేదు. మనలాగే కాగితాల మధ్య జీవితం గడిపిన ఒక ఉద్యోగి గుర్తుకొచ్చారు. ఆయనే ‘కాశీయాత్ర చరిత్ర’ రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు.

వీరాస్వామయ్య గారు సుమారు 1780లో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. పట్టుదలతో ఇంగ్లీషు నేర్చుకుని, లేత వయసులోనే కుంఫిణీ వారి కచేరీలో పనికి కుదిరారు. మెట్టు మెట్టుగా పైకి వచ్చి చెన్నపట్టణం సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్ అయ్యారు. కక్షిదారులు, సాక్షులు తమ భాషలో చెప్పేదాన్ని దొరలకు ఇంగ్లీషులో విన్నవించడం ఆయన ఉద్యోగం. ఒక్క మాట తేడా వస్తే ఒకరి ఆస్తో ప్రాణమో పోయే పని అది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఆయనకు ఆ కోర్టులోనే అలవడి ఉంటుందని నా నమ్మకం.

1830 నాటికి ఆయనకు యాభై ఏళ్ళు. పెద్ద హోదా, పట్నంలో పరపతి ఉన్నాయి. కదలకుండా కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. అయినా కాశీయాత్ర సంకల్పించి, సెలవు పుచ్చుకుని, 1830 మే 18న బయలుదేరారు. తిరిగి చెన్నపట్టణం చేరింది 1831 సెప్టెంబరు 3న. అంటే పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం.

ఆనాటి పరిస్థితులు మనం ఒకసారి ఊహించుకోవాలి. మన దేశంలో తొలి ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. ఈయన వెళ్ళింది పల్లకీలో, బోయీల భుజాల మీద. కుటుంబం, బంధువులు, పరిజనం కలిపి సుమారు వందమంది. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు మీదుగా ప్రయాగ, కాశీ చేరారు. గయ, కలకత్తా, పూరీ చూసుకుని శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు మార్గాన తిరిగి వచ్చారు. కాశీకి పోతే కాటికి పోయినట్టేనని జనం అనుకునే రోజులవి. పిండారీల దండయాత్రలు అణగి అప్పటికి పన్నెండేళ్ళు మాత్రమే. బాటసారులతో స్నేహం నటించి, గొంతుకు గుడ్డ బిగించి చంపే థగ్గుల మీద జబల్పూరు ప్రాంతంలో స్లీమన్ దొర చర్యలు చేపట్టింది సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే. అంతమంది ప్రాణాల పూచీ నెత్తిన పెట్టుకుని ఆ దారిన నడిచారు వీరాస్వామయ్య గారు.

వెళ్ళి రావడం ఒక ఎత్తు, రాయడం ఒక ఎత్తు. కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె గారనే మిత్రుని కోరిక మీద ఆయన దారి పొడుగునా దినచర్య రాసి పంపుతూ వచ్చారు. ఏ మజిలీకి ఎంత దూరం, బాట రాతిదా ఇసుకదా, బస ఎక్కడ, నీళ్ళు మంచివా కావా, అంగళ్ళలో ఏ సరుకు దొరుకుతుంది, జనం మాట ఎటువంటిది, పాలన ఎలా ఉంది - అన్నీ అందులో ఉన్నాయి. ట్రావెలింగ్ అలవెన్సు బిల్లులూ టూర్ డైరీలూ చేసిన మనకు ఆ పద్ధతి కొత్త కాదు. తన వెనుక వచ్చేవారికి పనికి రావాలన్నదే ఆయన ధ్యాస. 1830 నాటి మన పల్లెలు, రేవులు, బాటలు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే చరిత్రకారులు నేటికీ ఆ గ్రంథమే తెరుస్తున్నారు.

యాత్ర ముగిసిన ఐదేళ్ళకే, 1836లో, ఆయన కన్నుమూశారు. పుస్తకం అచ్చయింది 1838లో, శ్రీనివాసపిళ్ళె గారి పూనికతో. అచ్చు ప్రతిని ఆయన కళ్ళారా చూసుకోలేదు. తీరిక చిక్కాక చూద్దామని ఆ యాత్రను వాయిదా వేసి ఉంటే ఆ పుస్తకమే ఉండేది కాదు. శ్రీ దిగవల్లి వేంకట శివరావు గారు 1941లో దాన్ని పరిష్కరించి మళ్ళీ ప్రకటించారు.

నేను పదవీ విరమణ చేశాక గ్రంథాలయంలో ఈ పుస్తకం చదివాను. తరువాత మా ఆవిడతో కాశీ వెళ్ళినప్పుడు చిన్న నోటుపుస్తకం వెంట పెట్టుకుని, రోజూ రాత్రి పడుకోబోయే ముందు నాలుగు వరుసలు రాశాను. సత్రం గది అద్దె, రిక్షా బేరం, గంగ ఒడ్డున ఆవిడ వంకాయ వదిలిపెట్టడం, తిరుగు రైల్లో ఎవరో వంకాయ కూర పెట్టబోతే నా వంక చూసి నవ్వడం - అన్నీ ఉన్నాయి. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఫొటోల్లో ఆవిడ ముఖం మాత్రమే ఉంది. ఆ నవ్వుకు కారణం నోటుపుస్తకంలోనే ఉంది. ఇప్పుడు మనవరాలు దాన్ని నా చేత చదివించుకుంటోంది.

మన సభ్యుల్లో చార్‌ధామ్ చూసినవారున్నారు, పిల్లల దగ్గరకని అమెరికా, ఆస్ట్రేలియా వెళ్ళి వచ్చినవారున్నారు. మోకాళ్ళు సహకరించేవారు మరో ప్రయాణం తలపెట్టండి. సహకరించనివారు చేసిన ప్రయాణాన్ని కాగితం మీద పెట్టండి. భాష ఎలా ఉంటుందోనని సంకోచించవద్దు. తేదీ, ఊరు, ఖర్చు, చూసింది, తిన్నది రాస్తే చాలు. ఇన్నేళ్ళు ప్రభుత్వం కోసం రాసిన చేయి ఇంటివారి కోసం పది పేజీలు రాయలేకపోదు. అలా రాసినవారు ఒక ప్రతిని సంఘం కార్యాలయానికి కూడా పంపితే వచ్చే సంచికల్లో వీలు వెంబడి ప్రచురించవలసిందిగా కార్యదర్శి గారిని కోరుతున్నాను.