గరిసె ఖాళీ అయిన నాడు: మూడవ రామెసెస్ జీవితం

ఈ సంచికకు ఒక చరిత్ర పురుషుని జీవితం రాసి ఇమ్మని యూనియన్ మిత్రులు నన్ను అడిగే నాటికే పెద్దవాళ్లందరూ పంపకమైపోయారు. కృష్ణదేవరాయలను ఒకరు, కాటన్ దొరను ఒకరు, క్యూరీ అమ్మను మా కెమిస్ట్రీ అక్క ఒకరు ముందే పట్టుకున్నారు. నాకు మిగిలినవాడు ఎవరూ అడగనివాడు, చనిపోయి మూడు వేల యేండ్లు దాటినవాడు. ఈజిప్టు రాజు, మూడవ రామెసెస్. బి.యస్సీ. చదివే రైతు కొడుక్కు ఈయనతో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. చెప్తాను.

ఆయనతో నా పరిచయం పుస్తకంలో కాలేదు. హాస్టల్లో నా గది మిత్రుని ల్యాప్‌టాప్‌లో అయింది. టోటల్ వార్: ఫారో అని 2023 అక్టోబరులో విడుదలైన ఆట. అందులో మనం ఒక పక్షాన్ని ఎంచుకుని రాజ్యం నడపాలి. ఈజిప్టు వైపు నలుగురుంటారు: రామెసెస్, సేతి, అమెన్మెస్సె, రాణి తౌస్రెత్. పదో తరగతిలో హైదరాబాదు విహారయాత్రకు పోయినప్పుడు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చూసి జడుసుకున్నవాణ్ణి నేను. అందుకే ధైర్యస్తుడిలా కనబడిన రామెసెస్‌ను ఎంచుకున్నాను. ఆ ఆటలో ఐదు సంపదలుంటాయి: ఆహారం, కలప, రాయి, కంచు, బంగారం. నేను బంగారం, కంచు వెంట పడ్డాను. సైన్యం మీద సైన్యం కూర్చాను. ఒక రాత్రి చూస్తే ఆహారం లెక్క సున్నాకు దిగింది. శత్రువు లేకుండానే నా సైన్యం కరిగిపోవడం మొదలుపెట్టింది. మిత్రుడు నవ్వి, రైతు బిడ్డవై ఉండి గింజలు మరిచిపోతివి కదరా అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. అసలు ఈ రాజు ఎట్లా నెగ్గుకొచ్చాడో చూద్దామని లైబ్రరీకి పోయాను.

నిజమైన రామెసెస్ గొప్ప వంశపు వారసుడేమీ కాడు. పేరు చూసి రెండవ రామెసెస్ కొడుకనో మనవడనో అనుకుంటారు గాని, తండ్రి సెత్‌నఖ్త్. రాణి తౌస్రెత్ ఏలుబడి ముగిశాక, దేశం అంతఃకలహాలతో చీలి ఉన్న కాలంలో గద్దెనెక్కి ఇరవయ్యవ రాజవంశాన్ని స్థాపించినవాడు. కొద్ది యేండ్లకే తండ్రి పోయాడు. సుమారు క్రీ.పూ. 1186లో కొడుకు రాజయ్యాడు. వెనుకటి మహారాజు మీది గౌరవంతో ఆయన పేరును, ఆయన పద్ధతులను తన నెత్తికెత్తుకున్నాడు.

అవి మంచి కాలాలు కావు. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న పెద్ద రాజ్యాలు ఒక్కొక్కటిగా కూలుతున్నాయి. సిరియా తీరాన ఉగారిత్ పట్నం బూడిదైంది. హిట్టైటుల రాజధాని హత్తుస పాడుపడింది. ఇవి ఎందుకు కూలాయన్నదానికి పండితులు ఒకే కారణం చెప్పరు. యుద్ధాలు, వలసలు, తెగిపోయిన వర్తకం అన్నీ చెప్తారు. వాటితో పాటు కరువు కూడా. గలిలీ సరస్సు అడుగు మట్టిలో చిక్కిన పుప్పొడిని పరీక్షించి, ఆ కాలంలో అక్కడ వానలు బాగా తగ్గాయని 2013లో శాస్త్రజ్ఞులు తేల్చారు. కరువు రాజ్యాలను కూలుస్తుందంటే అనంతపురం వాళ్లకు వేరే రుజువు అక్కరలేదు. 1876లో మొదలైన ధాత కరువును మా జేజి తన జేజి దగ్గర విన్నదట. ఆమె నోట అది నిన్న జరిగినట్లుండేది.

రాజైన ఐదో యేట రామెసెస్ పడమటి నుంచి వచ్చిన లిబియన్లను ఓడించాడు. ఎనిమిదో యేట అసలు గండం వచ్చింది. చరిత్రకారులు సముద్ర జనులని పిలిచే తెగలు, పెలెసెత్, త్జెకెర్, షెకెలెష్ మొదలైనవారు, నేల మీద ఎడ్లబండ్లలో పెండ్లాం బిడ్డలతో, నీళ్ల మీద ఓడలతో ఈజిప్టు మీదికి దిగారు. రామెసెస్ నైలు నది ముఖద్వారాల్లో ఓడలను నిలిపి, గట్ల మీద విలుకాండ్రను బారులు తీర్చి వారిని ఆపాడు. పదకొండో యేట మళ్లీ లిబియన్లు వచ్చారు, మళ్లీ ఓడిపోయారు. ఈ యుద్ధాలన్నీ తీబ్స్ నగరానికి ఎదురుగా, నైలు పడమటి గట్టున, మెదినెత్ హాబు అనే చోట తాను కట్టించిన గుడి గోడల మీద చెక్కించాడు. ఆ గోడలు నేటికీ ఉన్నాయి.

ఆ తర్వాత కొంత కాలం దేశం నెమ్మదించింది. పుంత్ దేశానికి ఓడలు పంపి సాంబ్రాణి తెప్పించాడు. రాగి తెప్పించాడు, చెట్లు నాటించాడు. గుళ్లకు ఆయన ఇచ్చిన భూములు, పశువులు, ధాన్యం, బంగారం లెక్క రాసిన పపైరస్ చుట్ట 40 మీటర్లకు పైగా పొడవుంటుంది. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

ఇంత లెక్క రాయించిన రాజు దగ్గర ఒక చిన్న లెక్క తప్పింది.

ఈజిప్టు దక్షిణాన వాన దాదాపు పడదు. ఎక్కడో ఇథియోపియా కొండల్లో కురిసిన వానకు నైలు పొంగి, మళ్లలో ఒండ్రు పరచి పోతే దాని మీద పంట. మాకు పెన్న ఉంది గాని పేరుకే ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ సరైన అదనులో పడితేనే శెనక్కాయ. వాళ్లు నదికేసి చూశారు, మేము మోడానికేసి చూస్తాం. అంతే తేడా. వాళ్లకు నాణేలు లేవు, జీతమంటే గింజలే. రాజుల సమాధులు తొలిచే పనివాండ్లు దెయిర్ ఎల్ మెదీనా అనే ఊళ్లో ఉండేవారు. ఒక్కొక్కరికి నెలకు నాలుగు ఖార్ల గోధుమ, ఒకటిన్నర ఖార్ల బార్లీ. ఖారంటే సుమారు 76 లీటర్లు.

రామెసెస్ ఏలుబడి 29వ యేట, నెలలో 18 రోజులు గడిచినా ఆ గింజలు రాలేదు. పనివాండ్లు పనిముట్లు కింద పెట్టి, కావలి గోడలు దాటి పోయి, ఒక పాత రాజు గుడి వెనక కూర్చున్నారు. మాకు ఆకలి, దప్పిక, గుడ్డ లేదు, చేప లేదు, కూర లేదు, ఈ సంగతి రాజుకు రాయండి అని అడిగారు. తర్వాతి రోజుల్లో రెండవ రామెసెస్ గుడి దాకా నడిచారు. దాని గరిసెల్లో ధాన్యం ఉంటుందని అందరికీ తెలుసు. అధికారులు వచ్చారు, పాత బాకీ కొంత ఇప్పించారు. మరుసటి నెలల్లో మళ్లీ అదే కథ. ఒక లేఖకుడు ఇదంతా రాసిపెట్టాడు. ఆ పపైరస్ ఇటలీలోని ట్యూరిన్‌లో ఉంది. ప్రపంచంలో రాతకెక్కిన సమ్మెల్లో ఇదే మొదటిదంటారు. రాజు వచ్చినట్లు మాత్రం అందులో లేదు.

ఇది చదివినప్పుడు నాకు మా అరుగు గుర్తొచ్చింది. 2018లో నేను ఏడో తరగతి. ఆ యేడు వాన మొఖం చాటేసింది. శెనక్కాయ చెట్టు పెరికితే రెండు కాయలు, అవీ తాలు. కలుపు తీసిన ఎనిమిది మంది ఆడోళ్లు కూలి కోసం వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. అరిచింది లేదు, తిట్టింది లేదు. ఊరికే కూర్చున్నారు. నాయన సంతకు పోయినాడని అమ్మ చెప్పింది. మూడు రోజులు వరుసగా వచ్చారు. వాళ్ల మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. మా కష్టం తెలియదా వీళ్లకు అనుకున్నాను. వాళ్ల ఇళ్లలో ఆ రాత్రి పొయ్యి వెలిగిందా అని ఒక్కసారి అనుకోలేదు. చరిత్రలో రాజుల పక్కనే నిలబడి చదవడం నాకు అప్పుడే అలవాటైనట్లుంది.

రామెసెస్ చివరి రోజులు దుఃఖకరమైనవి. తీయె అనే చిన్న రాణి తన కొడుకు పెంతవేరెను గద్దెనెక్కించాలని అంతఃపురంలో కుట్ర పన్నింది. కొలువులో నమ్మకస్తులే చేతులు కలిపారు. సుమారు క్రీ.పూ. 1155లో, 31 యేండ్లు ఏలిన తర్వాత రాజు చనిపోయాడు. కాని కుట్ర ఫలించలేదు. నాలుగవ రామెసెస్ రాజయ్యాడు, దోషులకు శిక్షలు పడ్డాయి, పెంతవేరె తన ప్రాణం తానే తీసుకోవలసి వచ్చింది. రాజు ఎట్లా పోయాడన్నది మాత్రం చాలా కాలం తేలలేదు. ఆయన మమ్మీ 1881లో బయటపడింది. 2012లో స్కానింగు ఫలితాలు ప్రచురించినప్పుడు మెడ గుడ్డల కింద ఎముక దాకా తెగిన గొంతు కనబడింది. సముద్రం మీద వచ్చినవారు చేయలేనిది ఇంట్లోవారు చేశారు. 2021 ఏప్రిల్‌లో కైరోలో తక్కిన రాజులతో పాటు ఆయననూ ఊరేగించి కొత్త మ్యూజియానికి చేర్చారు.

ఆయన చెడ్డరాజని నేననను. చుట్టూ అన్నీ కూలుతుంటే తన దేశాన్ని నిలిపాడు. గోడ మీద చెక్కించుకున్న గెలుపులన్నీ ఒక ఎత్తు, ఆ 18 రోజుల గింజలు ఒక ఎత్తు అని మాత్రమే అంటాను.

సంక్రాంతి సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు నాయనకు ఈ కథ చెప్పాను. అంతా విని కాసేపు బీడీ వెలిగించకుండా చేతిలోనే పెట్టుకున్నాడు. ఆ మూడు రోజులూ తాను సంతకు పోలేదని, వెనక దొడ్లో గడ్డివామి చాటున కూర్చుని అన్నీ విన్నానని అప్పుడు చెప్పాడు. నాలుగో దినం తెల్లారకముందే రెండు గొర్రెలను తోలుకపోయి అమ్మి, ఎనిమిదిళ్లకూ తానే పోయి కూలి ఇచ్చి వచ్చాడట. ఆ సంగతి నాకు ఇన్నేండ్లూ తెలియదు.

హాస్టలుకు వచ్చి ఆట మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. ఈసారి ముందుగా కట్టింది గరిసె.