స్టాలిన్‌ను కలిసిన మేష్టారు.. చైనా యుద్ధం వేళ రాష్ట్రపతి భవన్‌లో ఏం చేశారు?

అన్నవరం: రాజమండ్రిలో రైలెక్కి వైజాగ్ వైపు వెళ్తుంటే మధ్యలో అన్నవరం వస్తుంది. రత్నగిరి కనిపించగానే కిటికీలోంచే సత్యదేవుడికి దండం పెట్టుకునే వాళ్లు ప్రతి బోగీలోనూ ఉంటారు. ఈ లైనుకు అటు రాజమండ్రిలో, ఇటు వైజాగ్‌లో ఉద్యోగం చేసిన ఓ ఫిలాసఫీ మేష్టారు తర్వాత మాస్కోలో భారత రాయబారి అయ్యారు. స్టాలిన్ ఎదురుగా కూర్చుని మాట్లాడారు. చైనాతో, ఆ తర్వాత పాకిస్థాన్‌తో యుద్ధాలు జరిగినప్పుడు ఈ దేశానికి రాష్ట్రపతి ఆయనే. సర్వేపల్లి రాధాకృష్ణన్.

సెప్టెంబర్ 5 వస్తే స్కూళ్లలో ఆయన ఫొటోకు దండ పడుతుంది. టీచర్స్ డే వరకూ అందరికీ తెలుసు. యుద్ధాల టైమ్‌లో ఆయన ఏం చేశారన్నది మాత్రం పెద్దగా ఎవరూ చెప్పుకోరు.

ముందు ఒక్క విషయం. యుద్ధం వస్తే అమెరికా అధ్యక్షుడి చుట్టూ సలహాదారులు చేరతారు. 1971లో నిక్సన్ పక్కన కిసింజర్ ఉన్నట్టు. సలహా వాళ్లది, నిర్ణయం అధ్యక్షుడిది. మన దగ్గర లెక్క వేరు. త్రివిధ దళాలకు సుప్రీం కమాండర్ రాష్ట్రపతే అయినా, రాజ్యాంగంలోని 74వ అధికరణ ప్రకారం ఆయన మంత్రిమండలి సలహాతో నడుచుకోవాలి. అంటే సంతకం రాష్ట్రపతిది, నిర్ణయం ప్రధానిది, కేబినెట్‌ది. అదే 1971లో మన రాష్ట్రపతి వి.వి.గిరి. ఆయనా తెలుగు కుటుంబం నుంచి వచ్చినవారే. డిసెంబర్ 3న ఎమర్జెన్సీ ప్రకటనపై సంతకం ఆయనదే. కానీ యుద్ధం, దౌత్యం నడిపించింది ఇందిరాగాంధీ, ఆమె పక్కనున్న పి.ఎన్.హక్సర్, డి.పి.ధర్ లాంటి వాళ్లు.

రాధాకృష్ణన్ కథ ఇక్కడే కొంచెం తేడా. సలహా తీసుకోవాల్సిన కుర్చీలో కూర్చుని, యుద్ధం మధ్యలో ప్రధానికే సలహా ఇచ్చారాయన.

రాజమండ్రి క్లాస్‌రూమ్ నుంచి మాస్కో దాకా

1888లో తిరుత్తణిలో పుట్టారు. తెలుగు కుటుంబం, ఇంటిపేరు నెల్లూరు జిల్లా సర్వేపల్లి ఊరిది. చదువు తిరుత్తణి, తిరుపతి, వేలూరు, మద్రాసుల్లో సాగింది. 1918లో మైసూరు వెళ్లేముందు కొంతకాలం రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలో పాఠాలు చెప్పారు. మైసూరు తర్వాత కలకత్తా. 1931 నుంచి 1936 దాకా ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్, బెనారస్ హిందూ యూనివర్సిటీకి వీసీ. ఇదంతా అందరూ రాసిందే కాబట్టి ముందుకెళ్దాం.

1949లో నెహ్రూ ఆయన్ని సోవియట్ యూనియన్‌కు రాయబారిగా పంపారు. అప్పట్లో చాలామందికి ఇది వింతగా అనిపించింది. ఫారిన్ సర్వీసు అనుభవం లేని వ్యక్తి, పైగా కమ్యూనిస్టు కాదు, ఉపనిషత్తుల మీద పుస్తకాలు రాసిన మనిషి. ఆయనకంటే ముందు అక్కడ రాయబారిగా ఉన్న విజయలక్ష్మీ పండిట్‌.. అంటే స్వయానా నెహ్రూ చెల్లెలు.. ఆమెకు స్టాలిన్ ఒక్కసారి కూడా అపాయింట్‌మెంట్ ఇవ్వలేదు. సోవియట్ పత్రికలు మన స్వాతంత్ర్యాన్ని ఉత్తుత్తి స్వాతంత్ర్యమనీ, నెహ్రూని బ్రిటిష్ వాళ్ల మనిషనీ రాస్తున్న రోజులవి.

అలాంటిది 1950 జనవరిలో రాధాకృష్ణన్‌కు స్టాలిన్ నుంచి పిలుపొచ్చింది. రాయబారులను స్టాలిన్ కలవడమే అరుదు కాబట్టి మాస్కోలోని మిగతా ఎంబసీలన్నీ అటువైపు చూశాయి. ఆ భేటీలో కళింగ యుద్ధం తర్వాత అశోకుడు కత్తి దించేసిన సంగతిని ఆయన స్టాలిన్‌కు గుర్తుచేశారని చెబుతారు. చేతికి రక్తం బాగా అంటిన నాయకుడి ముందు ఆ కథ ఎత్తడమంటే మాటలు కాదు.

ఇక్కడ మన వాళ్లకు ఆసక్తికరమైన సంగతి ఇంకొకటి ఉంది. అప్పుడు తెలంగాణలో సాయుధ పోరాటం నడుస్తోంది. దాన్ని కొనసాగించాలా, ఆపాలా అని తేల్చుకోవడానికి 1951 ఫిబ్రవరిలో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, ఇద్దరు జాతీయ నాయకులతో కలిసి రహస్యంగా మాస్కో వెళ్లి ఇదే స్టాలిన్‌ను కలిశారు. అదే ఊళ్లో భారత ప్రభుత్వం తరఫున తెలుగు రాయబారి, ఆ ప్రభుత్వం మీద పోరాడుతున్న పార్టీ తరఫున తెలుగు కమ్యూనిస్టులు. అదే ఏడాది అక్టోబర్‌లో పోరాటాన్ని విరమించారు.

కొరియా యుద్ధం.. సగం సక్సెస్ అయిన ఫార్ములా

1950 జూన్ 25న కొరియా యుద్ధం మొదలైంది. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో చైనా సీటు ఇంకా తైవాన్‌కు వెళ్లిపోయిన చియాంగ్ కై షేక్ ప్రభుత్వం చేతిలోనే ఉంది. దీనికి నిరసనగా సోవియట్ ప్రతినిధి జనవరి నుంచీ మండలికి రావడం మానేశారు. వీటో వేసే మనిషి లేకపోవడంతో ఉత్తర కొరియాకు వ్యతిరేకంగా తీర్మానాలు పాసైపోయాయి.

రాధాకృష్ణన్ మాస్కోలో ఓ ఫార్ములా కదిపారు. బీజింగ్ ప్రభుత్వానికి మండలిలో సీటు ఇవ్వడానికి అమెరికా ఒప్పుకోవాలి. బదులుగా కాల్పుల విరమణకు, ఉత్తర కొరియా సేనలు వెనక్కి వెళ్లడానికి సోవియట్ సహకరించాలి. ఒకవైపు సోవియట్ విదేశాంగ శాఖతో, మరోవైపు మాస్కోలోని అమెరికా రాయబారి అలన్ కిర్క్‌తో మాట్లాడారు. జూలై 13న నెహ్రూ ఇదే దారిలో స్టాలిన్‌కూ, అమెరికా విదేశాంగ మంత్రి డీన్ అచెసన్‌కూ లేఖలు రాశారు. స్టాలిన్ రెండు మూడు రోజుల్లోనే సానుకూలంగా జవాబిచ్చారు. అచెసన్ కుదరదన్నారు. దాడిని ఆపడానికి సీటు బేరం పెట్టడమేంటన్నది వాషింగ్టన్ వాదన. అందులో కొంత న్యాయం లేకపోలేదు. స్టాలిన్‌కు ఆ బేరంలో పోయేదేమీ లేదు కాబట్టి వెంటనే తల ఊపారన్నదీ నిజమే.

ఆ సెప్టెంబర్ తర్వాత యుద్ధం అడ్డం తిరిగింది. అమెరికా సేనలు 38వ అక్షాంశం దాటితే తాము దిగుతామని చౌ ఎన్ లై అక్టోబర్ మొదట్లో బీజింగ్‌లోని మన రాయబారి కె.ఎం.పణిక్కర్ ద్వారా హెచ్చరిక పంపారు. వాషింగ్టన్ దాన్ని ఉత్త బెదిరింపుగా తీసుకుంది. కొద్ది వారాల్లోనే చైనా దళాలు దిగాయి. 1953 జూలై 27న గానీ తుపాకులు ఆగలేదు.

కొరియాలో ఫార్ములా పారకపోయినా మాస్కోలో మన పరపతి పెరిగింది. 1951 కరువు టైమ్‌లో సోవియట్ గోధుమలు ఓడల్లో వచ్చాయి. 1952 జనవరిలో కశ్మీర్ విషయంలో సోవియట్ ప్రతినిధి తొలిసారి పశ్చిమ దేశాలను గట్టిగా తప్పుబట్టారు. ఏప్రిల్ 5న రాధాకృష్ణన్ వీడ్కోలు చెప్పడానికి వెళ్లి స్టాలిన్ బుగ్గ మీద, వీపు మీద చెయ్యేశారని అంటారు. మరుసటి ఏడాది మార్చిలో స్టాలిన్ చనిపోయారు. 1957లో ఉపరాష్ట్రపతిగా చైనా వెళ్లినప్పుడు మావో బుగ్గ కూడా తట్టారని చెప్పుకుంటారు. ఐదేళ్లకే అదే మావో సేనలు సరిహద్దు దాటాయి.

1962.. ఆ నెల రోజులు

1962 మే 13న రాష్ట్రపతి అయ్యారు. అక్టోబర్ 20న చైనా అటు నేఫాలోనూ ఇటు లద్దాఖ్‌లోనూ ఒకేసారి దాడి చేసింది. సరిగ్గా అదే వారం కెన్నెడీ, ఆయన సలహాదారులు క్యూబా క్షిపణుల గొడవలో పీకల్లోతు మునిగి ఉన్నారు. దాంతో ఢిల్లీలోని అమెరికా రాయబారి గాల్‌బ్రెయిత్ చాలా నిర్ణయాలు తన చేతి మీదుగానే నడిపించారు. మెక్‌మహాన్ రేఖను అమెరికా గుర్తిస్తోందని ప్రకటించిందీ ఆయనే.

అక్టోబర్ 26న రాధాకృష్ణన్ దేశంలో తొలి ఎమర్జెన్సీపై సంతకం పెట్టారు. అదంతా కేబినెట్ సలహా ప్రకారమే. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. సరిహద్దులో ఈ గతి పట్టడానికి మన వాళ్ల గుడ్డి నమ్మకం, నిర్లక్ష్యం కారణమని బయటికే అన్నారు. రాష్ట్రపతి తన సొంత ప్రభుత్వాన్ని, అదీ యుద్ధం జరుగుతుండగా అలా తప్పుపట్టడం అప్పటిదాకా లేదు.

ఇక రక్షణమంత్రి వి.కె.కృష్ణమీనన్ సంగతి. సైన్యానికి సరైన తుపాకుల్లేవు, చలికి తగ్గ బట్టల్లేవు అని కాంగ్రెస్ ఎంపీలే తిరగబడ్డారు. మీనన్ నెహ్రూకు ఆప్తుడు, తీసేయడానికి మనసొప్పలేదు. రాష్ట్రపతి మాత్రం మీనన్ వెళ్లాల్సిందేనని ప్రధానికి చెప్పారు. అక్టోబర్ 31న మీనన్ రక్షణ శాఖ వదిలి రక్షణ ఉత్పత్తుల మంత్రిగా మిగిలారు. అదీ సరిపోక నవంబర్ 7న కేబినెట్ నుంచే బయటికి వచ్చేశారు. ఒక్క రాష్ట్రపతి మాటతోనే ఇది జరిగిందనడం అతిశయోక్తి అవుతుంది. పార్టీలో ఒత్తిడి అంతకు మించి ఉంది. అయితే ఆ ఒత్తిడికి రాష్ట్రపతి భవన్ బరువు తోడైంది.

ఇది హద్దు దాటడమా? ప్రధానికి సలహా చెప్పే, హెచ్చరించే చనువు రాష్ట్రపతికి ఉంటుంది, అది నాలుగు గోడల మధ్య. మీనన్ విషయం ఆ లెక్కలోకే వస్తుంది. బహిరంగంగా తప్పుబట్టడం మాత్రం వేరే సంగతి. రాష్ట్రపతి సలహాకు కట్టుబడాల్సిందేనని రాజ్యాంగంలో స్పష్టంగా రాసింది 1976లో, 42వ సవరణతో. అప్పటికి ఆ గీత ఇంకా కొంచెం మసగ్గానే ఉంది.

ఇంట్లో ఇంకో కోణం ఉంది. కొడుకు సర్వేపల్లి గోపాల్ అప్పుడు విదేశాంగ శాఖలో చరిత్ర విభాగానికి డైరెక్టర్. సరిహద్దుపై పాత కాగితాలు చూడటానికి 1959లో లండన్ వెళ్లారు. 1960లో చైనా అధికారులతో చర్చలు జరిపిన బృందంలో ఉన్నారు. మన వాదన అంతా నిలబడింది ఆ కాగితాల మీదే. కాబట్టి ప్రభుత్వం మీద విమర్శ చేసిన రాష్ట్రపతి ఈ వ్యవహారానికి పూర్తిగా బయటి మనిషేం కాదు.

నవంబర్ 19న, బొమ్‌డిలా చేజారిన టైమ్‌లో నెహ్రూ అమెరికా విమానాల సాయం కోరుతూ కెన్నెడీకి లేఖలు రాశారు. 21న చైనా తనంతట తానే కాల్పులు ఆపేసింది.

ఎమర్జెన్సీ సంతకానికి ఇంకో ముఖం కూడా ఉంది. తరతరాలుగా ఇక్కడే బతుకుతున్న చైనా సంతతి కుటుంబాలను ఇళ్ల నుంచి తీసుకెళ్లి రాజస్థాన్‌లోని దేవలీ క్యాంపులో పెట్టారు. దాదాపు 3 వేల మంది. కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు. దీనిపై మాత్రం రాష్ట్రపతి భవన్ నుంచి అలాంటి గొంతు బయటికి వినిపించలేదు.

మళ్లీ యుద్ధం

1963 జూన్‌లో ఆయన అమెరికా వెళ్లి కెన్నెడీని కలిశారు, అక్కడి నుంచి బ్రిటన్ వెళ్లారు. చైనా విషయంలో రెండు దేశాల ఆందోళన ఒక్కటేనని అమెరికాతో ఉమ్మడి ప్రకటన వచ్చింది. అలీనం అంటూనే ఆయుధాల సాయం కావాల్సిన పరిస్థితి అది. ప్రధాని వెళితే చెయ్యి చాచినట్టుంటుంది. ఫిలాసఫర్ రాష్ట్రపతి వెళితే ఆ ఇబ్బంది కొంత తగ్గింది. 1964లో సోవియట్ యూనియన్‌కు కూడా వెళ్లొచ్చారు.

1965 సెప్టెంబర్‌లో పాకిస్థాన్‌తో యుద్ధం. ప్రధాని శాస్త్రి. ఈసారి రాష్ట్రపతి రేడియోలో దేశానికి ధైర్యం చెప్పారు, ప్రభుత్వంతో పేచీ లేదు. కాల్పుల విరమణ వేడి చల్లారకముందే యుగోస్లేవియా, చెకోస్లొవేకియా, రుమేనియా, ఇథియోపియా పర్యటించారు. మూడు నెలల తర్వాత, 1966 జనవరి 11న తాష్కెంట్‌లో శాస్త్రి చనిపోతే తాత్కాలిక ప్రధానిగా గుల్జారీలాల్ నందాతో ప్రమాణం చేయించిందీ ఆయనే. నెహ్రూ పోయినప్పుడూ అంతే, రెండేళ్లలో రెండోసారి.

1967 మే 13న పదవి దిగి మద్రాసు మైలాపూర్‌లోని ఇంటికి వెళ్లిపోయారు. 1975 ఏప్రిల్ 17న కన్నుమూశారు. 1962లో ఆయన సంతకం చేసిన ఎమర్జెన్సీ ఆయన రాష్ట్రపతిగా ఉన్నన్నాళ్లూ అమల్లోనే ఉంది. ఎత్తేసింది 1968 జనవరి 10న, ఆయన మద్రాసు వెళ్లిపోయాక.