నిశాని వేసిన స్వామి

ప్రత్యేక సంచికకు మన జిల్లా మహనీయులలో ఒకరిని గురించి రాయమని కార్యదర్శిగారు కోరారు. పండితులను గురించి రాసేంత చదువు నాకు లేదు. అందుకని అక్షరం ముక్క రాని ఒక అవధూతను గురించి రాస్తున్నాను. వారే గొలగమూడి భగవాన్ శ్రీ వెంకయ్య స్వామివారు.

వారు చేజర్ల మండలం నాగులవెల్లటూరులో సేద్యం చేసుకునే కుటుంబంలో పుట్టారు. బడి చదువు లేదు. యౌవనంలో జబ్బు చేసిన తర్వాత మనిషి తీరే మారిపోయిందంటారు. ఇల్లు విడిచి కొండల వెంట, ఊళ్ళ వెంట తిరిగారు. చాలాకాలం జనం ఆయనను పిచ్చి వెంకయ్య అనే పిలిచారు. ఎదుట ధుని మండుతూ ఉండేది, చేతిలో తంబుర తీగ మోగుతూ ఉండేది. నోట ఓం నారాయణ ఆదినారాయణ అనే నామం. కాగితాలపై వేలిముద్రలు వేసి భక్తులకు ఇచ్చేవారు. చివరి సంవత్సరాలు నెల్లూరుకు దగ్గరలోని గొలగమూడిలో గడిపి, 1982 ఆగస్టు 24న సమాధి చెందారు. ఏటా ఆగస్టులో అక్కడ ఆరాధన జరుగుతుంది.

1980 ప్రాంతంలో మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని వారి దర్శనానికి వెళ్ళింది. వేలిముద్ర కాగితం ఒకటి తెచ్చి దేవుడి పటం వెనుక పెట్టింది. నాకు లోలోపల నవ్వు వచ్చింది. తాలూకా ఆఫీసులో రోజూ నిశానీలు వేయించుకునే గుమాస్తాను నేను. నిశాని అంటే చదువు రానివాడి గుర్తు అనే నా లెక్క. పైగా మా నాన్నగారి దృష్టిలో గురువు చెవిలో ఉపదేశించనిది మంత్రమే కాదు. దానిని పైకి అనకూడదు కూడా. ఆ రోజుల్లో రామానుజులవారు తిరుక్కోష్టియూరు గోపురమెక్కి అష్టాక్షరిని అందరికీ వినిపించిన కథ నాకు గుర్తు రాలేదు.

1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర పెనుతుపాను తీరం దాటింది. నన్ను ఒక పట్టపుపాళెంలో డ్యూటీకి వేశారు. జనాన్నంతా బడిలోకి చేర్చాం. రాత్రి పెంకులు లేచిపోతున్నాయి, పసిపిల్లలు ఏడుస్తున్నారు. ఒక ముసలమ్మ గోడకు చేరబడి ఓం నారాయణ ఆదినారాయణ అని మొదలుపెట్టింది. పిల్లలు అందుకున్నారు. కాసేపటికి నా నోరూ కలిసింది. నాకు ఎవరూ ఉపదేశించలేదు, అర్థం ఆలోచించే తీరికా లేదు. తుపాను ఆగలేదు. తెల్లవారేసరికి గుడిసెలు లేవు. కాని మా ఊపిరి నిలకడగా ఉంది, నా చేతి వణుకు తగ్గింది. ఆ చేత్తోనే సాయం జాబితా రాశాను. ముసలమ్మ నిశాని వేస్తుంటే, ఆమె వేలు పట్టుకుని అద్దించడానికి మొదటిసారి నాకు సంకోచం కలిగింది. రాత్రి నాకు పాఠం చెప్పిన చెయ్యి అది.

రిటైరైన తర్వాత ప్రాణాయామం నేర్చుకున్నాను. శ్వాసతోపాటు మనస్సులో ఏదైనా మంత్రం అనుకోమన్నారు మాస్టారు. గాలి పీల్చేటప్పుడు ఓం నారాయణ, వదిలేటప్పుడు ఆదినారాయణ అనుకుంటున్నాను. నారాయణ శబ్దానికి నీటిని నివాసంగా గలవాడని, నరులకు ఆశ్రయమైనవాడని పెద్దలు అర్థాలు చెబుతారు. రెండూ నిజమే. నా మటుకు నాకు ఆ నామానికి అర్థం ఆ బడి గది. ఒకరి భయాన్ని ఒకరు పంచుకున్న ఆ రాత్రి. స్వామివారు దానిని ఎవరి చెవిలోనూ దాచకుండా అందరి ముందూ అన్నారు కనుకనే అది ఆ సముద్రపుటొడ్డు దాకా వచ్చిందని నా నమ్మకం.

ఇప్పుడు బతికి ఉన్నామని రుజువు చేసుకోవడానికి మన పెన్షనర్లందరం ఏటా యంత్రం మీద వేలు పెడుతున్నాం. అరిగిపోయిన నా వేలిముద్ర ఒక్కసారికి పడదు. అది పడేదాకా నామం అనుకుంటూ నిలబడతాను. చదువు ఉన్నా లేకున్నా చివరికి మనందరిదీ నిశానియే గదా!