గొడ్డలి పట్టిన పసిచేతులు



అబ్రహాం లింకన్ పేరు వినగానే బానిసల సంకెళ్లు తెంచిన అమెరికా అధ్యక్షుడు మన కళ్లముందు మెదులుతాడు. పొయ్యి వెలుగులో పుస్తకం చదువుకొన్న బీద బాలుడు కూడా గుర్తుకు వస్తాడు. అయితే ఆ బాలుని చేతిలో పుస్తకం కంటే ఎక్కువకాలం ఉన్నది గొడ్డలి. ఈ వారం ఆ గొడ్డలి కథ, అది నిలబెట్టిన ఇంటి కథ చెప్పుకొందాం.

లింకన్ 1809 ఫిబ్రవరి 12న కెంటకీ రాష్ట్రంలో జన్మించాడు. తండ్రి థామస్ వడ్రంగి, రైతు. తల్లి పేరు నాన్సీ. అడవి కొట్టి పొలం చేసుకోవడం ఆ వంశానికి కొత్త కాదు. అందుకు చెల్లించిన మూల్యమూ కొత్త కాదు. లింకన్ తాత 1786లో అడవిని పొలంగా మార్చుకొంటూనే ఆదివాసుల తుపాకి గుండుకు నేలకొరిగాడు. తరతరాలుగా అక్కడ బ్రతుకుతున్న ఆదివాసులకు, ఆ నేలను ఆక్రమించుకొంటున్న తెల్లవారికి నడుమ సాగిన పోరులో అదొక విషాదం. తండ్రి కూలిపోయినప్పుడు థామస్ అక్కడే ఉన్నాడు. అప్పటికి అతడు చిన్నపిల్లవాడు.

పెరిగి పెద్దవాడైన థామస్ కెంటకీలో భూములు కొన్నాడు. కాని ఏ భూమికీ పత్రాలు సరిగా నిలవలేదు. ఒకే నేల మీద ఇద్దరు ముగ్గురు హక్కు చెప్పే కాలమది. పట్టా తగాదా కుటుంబాన్ని ఎంతగా కుంగదీస్తుందో మన పల్లెల్లో ఎవరికీ చెప్పనక్కరలేదు. చివరకు 1816 సంవత్సరాంతంలో థామస్ భార్యాబిడ్డలతో ఒహాయో నది దాటి ఇండియానాకు వలసపోయాడు. అక్కడ బానిసత్వానికి చోటు లేదు. భూమిని ప్రభుత్వమే కొలిపించి, ఎకరా 2 డాలర్ల చొప్పున వాయిదాలపై అమ్ముతోంది. లిటిల్ పిజన్ అనే వాగు దగ్గర థామస్ 160 ఎకరాలు ఎంచుకొన్నాడు. ఎకరాలైతే ఉన్నాయి గాని, అంతా చిక్కని అడవి.

లింకన్ వయస్సు అప్పటికి ఏడేళ్లు. వయస్సుకు మించిన ఎదుగుదల ఉండటంతో తండ్రి అతని చేతికి గొడ్డలి ఇచ్చాడు. ఆనాటి నుండి ఇరవై మూడవ ఏటి వరకు దుక్కి, కోత కాలాలలో తప్ప ఆ గొడ్డలి దాదాపు అతని చేతిని వీడలేదు.

ఆనాడు అడవిని పొలం చేసే విధానం ఇది. ముందుగా పొదలు, చిన్న చెట్లు నరికి కుప్పవేసి కాల్చేవారు. మహావృక్షాలను నరికే శక్తి లేక, మొదలు చుట్టూ బెరడు చెక్కి వదిలేసేవారు. అవి నిలువునా ఎండిపోతే ఎండ నేలకు దిగేది. ఆ మోళ్ల మధ్యనే మొక్కజొన్న, గుమ్మడి నాటేవారు. ఇంటికి, పశువుల కొట్టానికి పనికివచ్చే దుంగలను ఇరుగు పొరుగువారు కలిసి దొర్లించి పైకెత్తేవారు. మిగిలిన మొద్దులను నిలువునా చీల్చి కంచెకు కమ్ములు చేసేవారు. కంచె వేసేది పంటమడికే. పశువుల మేతకు వేరే బీడు ఇంకా తయారుకాలేదు గనుక ఆవులు, పందులు అడవిలోనే తిరిగి మేసేవి.

ఆ ఇంటికి ఆపద వచ్చింది కూడా అటునుండే. అడవి నీడలో తెల్లని పూలు పూసే ఒక మొక్క ఉంది. దానిని వైట్ స్నేక్‌రూట్ అంటారు. వేసవి చివర గడ్డి ఎండినప్పుడు ఆవులు దానిని మేస్తాయి. అందులోని విషం పాలలోకి దిగుతుంది. ఆ సంగతి ఎరుగని జనం దానిని పాలజబ్బు అని పిలిచి భయపడేవారు. 1818లో ఆ జబ్బు వాగు ఒడ్డు కుటుంబాలను తాకింది. నాన్సీని పెంచిన బంధువులు మొదట పోయారు. అక్టోబరు 5న నాన్సీ కూడా కన్నుమూసింది. ఆమెకు 34 ఏళ్లు, కొడుకుకు తొమ్మిది. థామస్ స్వయంగా శవపేటిక చేశాడు. మొక్కలోని విషాన్ని శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపింది 1920ల చివరలో. బిడ్డల బలం కోసం పితికిన పాలే తల్లిని తీసుకుపోయాయని ఆ ఇంట ఎవరికీ తెలియదు.

తరువాతి సంవత్సరం ఆ ఇంటిని గురించి ఏమని చెప్పుకోవాలి? పొలం పెరుగుతోంది, ఇల్లు మాత్రం బోసిపోయింది. 1819 డిసెంబరులో థామస్ కెంటకీకి వెళ్లి, ముగ్గురు బిడ్డల తల్లియైన సారా బుష్ జాన్‌స్టన్ అనే వితంతువును వివాహమాడి తీసుకువచ్చాడు. ఆమె వస్తూనే మట్టినేలకు చెక్కలు పరిపించింది. తల్లిలేని పిల్లలను తన పిల్లలతో సమానంగా అక్కున చేర్చుకొంది. లింకన్ చదువుకొంటానంటే వెనుక నిలిచింది.

తండ్రి ధోరణి వేరు. కొడుకు బడిలో గడిపిన కాలమంతా కలిపితే ఒక సంవత్సరం కూడా కాదు. ఇంటి పని లేనప్పుడు అతనిని ఇతరుల పొలాలకు కూలికి పంపేవాడు. ఆ కూలి తండ్రికే చేరేది. అప్పటి చట్టమూ అదే. 160 ఎకరాల బాకీ తీర్చలేక థామస్ 1827లో సగం వదులుకొని 80 ఎకరాలు దక్కించుకొన్నాడు. తీరా 1830లో దానిని కూడా విడిచి ఇల్లినాయ్ రాష్ట్రానికి తరలిపోయాడు. 21 ఏళ్లు నిండిన లింకన్ అక్కడ కూడా తండ్రికి ఇల్లు కట్టి, కమ్ములు చీల్చి, పది ఎకరాలకు కంచె వేసి, నేల దున్ని ఇచ్చాడు. మరుసటి ఏడు ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. అటు తరువాత గొడ్డలితో జీవించాలని ఆయన కోరుకోలేదు. అయినా 1860లో ఆ కంచె కమ్ములే ఎన్నికల సభలోకి ఊరేగింపుగా వచ్చి ఆయనను సామాన్యుల మనిషిగా నిలబెట్టాయి.

అధ్యక్షుడైన తరువాత 1862 మే 20న ఆయన ఒక చట్టంపై సంతకం చేశాడు. అయిదేళ్లు నివసించి సాగుచేసే కుటుంబానికి 160 ఎకరాల ప్రభుత్వ భూమి నామమాత్రపు రుసుముతో ఇచ్చే చట్టమది. పత్రాలు నిలవక, బాకీ తీరక తండ్రి పడిన పాట్లు చూసినవానికి దాని విలువ తెలుసు. లక్షలాది కుటుంబాలు దాని వలన నేల సంపాదించుకొన్నాయి. ఆ నేలలు పోగొట్టుకొన్న ఆదివాసుల దుఃఖాన్ని మాత్రం ఆ చట్టం లెక్కించలేదు. ఇదీ మనం మరువరాదు.

1851 జనవరిలో థామస్ మరణించాడు. లింకన్ చివరి చూపుకు గాని, అంత్యక్రియలకు గాని వెళ్లలేదు. భార్య అస్వస్థత ఒక కారణం. కాని వారిద్దరి మధ్య దూరం అంతకు ఎంతో ముందే పెరిగింది. సవతితల్లిని మాత్రం, అధ్యక్ష పదవి స్వీకరించేందుకు బయలుదేరే ముందు 1861లో ప్రయాణం చేసి వెళ్లి చూసి వచ్చాడు. 1865 ఏప్రిల్ 14, పవిత్ర శుక్రవారం రాత్రి హంతకుని గుండు తగిలి, మరునాడు ఆయన మరణించాడు.

తల్లిదండ్రులారా, థామస్‌ను నిందించడం తేలిక. అతడు సోమరి కాడు, తన బిడ్డలకు గూడు కావాలనే చెమటోడ్చాడు. కాని పొలం ఇంటి కోసం, ఇల్లు మనుషుల కోసం. ఈ వరుస తలకిందులైతే పొలం మిగిలినా కొడుకు దూరమవుతాడు. బిడ్డకు పని నేర్పండి, తప్పులేదు. సాయంత్రం అతడు పుస్తకం తెరిచినప్పుడు దీపం కూడా మీరే వెలిగించండి.

బిడ్డలారా, మీకు ఒక మాట. తండ్రి అంత్యక్రియలకు వెళ్లని లింకన్, 1853లో తన నాలుగవ కుమారుడు పుట్టినప్పుడు వానికి తాత పేరే పెట్టుకొన్నాడు. థామస్ అని.